గ్రాము పొడి.. కోట్ల పంచాయితీ

దేశాలు ఒప్పందాలు రాసుకుని బొగ్గు మీద సుంకం ఎత్తేశాయి. అప్పటి నుంచి తగాదా శాంపిలు దగ్గరికి, సర్టిఫికెట్ దగ్గరికి మారింది. ఓడరేవుల్లో పుట్టిన ఆ తగాదాకూ సముద్రం మొహం చూడని సింగరేణి బొగ్గు ఊరు రామకృష్ణాపూర్‌కూ లంకె ఉంది.

రామకృష్ణాపూర్ సీహెచ్‌పీలో (బొగ్గును రైళ్ళకెత్తే కేంద్రం) నిండి బయల్దేరే ఒక రేకులో, అంటే ఒక గూడ్సు రైలులో, సుమారు 4,000 టన్నుల బొగ్గు ఉంటుంది. అది ఏ గ్రేడు బొగ్గో, టన్నుకు ఎంత కట్టాలో తేల్చేది మాత్రం ఒక గ్రాము పొడి. వ్యాగన్ల నుంచి తీసిన శాంపిళ్ళను పగలగొట్టి, కలిపి, నూరి, తగ్గించుకుంటూ పోగా చివరికి బాంబ్ కెలోరీమీటర్ అనే పరికరంలో పెట్టి కాల్చేది అంతే. ఆ గ్రాము ఎంత వేడిని ఇచ్చిందో ఆ అంకే బిల్లు మీదికి ఎక్కుతుంది.

బొగ్గుబాయి ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. గ్రేడు పడిపోతే సింగరేణికి రావలసిన సొమ్ముకు కోత పడుతుంది. ఆ కోత లాభంలోకీ, లాభంలోంచి దసరాకు ముందు అందే వాటాలోకీ దిగుతుంది. 2024లో సంస్థ 2,412 కోట్ల రూపాయలను పంచదగిన లాభంగా లెక్కగట్టి, అందులో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికుల వాటాగా ఇచ్చింది. మనిషికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా తలా 5 వేలు దక్కింది. అందుకే సైడింగు దగ్గర శాంపిలు ఎవరు తీశారు, ఎట్లా తీశారు అనేది ఇక్కడ ఆఫీసు గోల కాదు, ఇంటి లెక్క.

తూర్పు తీరానికి వెళ్దాం. విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవుల్లో దిగే పెద్ద ఓడ ఒక్కొక్కటి 70 వేల టన్నులకు పైగా తెస్తుంది. ఇక్కడి లెక్కన అది పదిహేడు, పద్దెనిమిది రేకుల బొగ్గు. అక్కడా ధర తేల్చేది ఆ గ్రాము పొడే. కాకపోతే ఆ గ్రామును చాలాసార్లు మరో దేశపు రేవులో, మనవాళ్ళెవరూ చూడని చోట తీస్తారు. మన చేతికి వచ్చేది దాని కాగితం. ఆ కాగితాన్ని నమ్మాలా, నమ్మకపోతే ఎవరు, ఏ నిబంధన కింద మళ్ళీ పరీక్షించాలి అన్నదే గత పదిహేనేళ్ళుగా కస్టమ్స్ కార్యాలయాల నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచిన పంచాయితీ.

సుంకం పోయింది.. సోదా మిగిలింది

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో భారతదేశం సరుకుల వ్యాపార ఒప్పందం మీద 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సంతకం చేసింది. మలేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో అది 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మనకు ఎక్కువగా బొగ్గు పంపే ఇండోనేసియాతో అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మొదలైంది. కస్టమ్స్ శాఖ 2011 జూన్ 1న ఇచ్చిన 46/2011 నోటిఫికేషన్‌తో ఆసియాన్ సరుకుకు తక్కువ సుంకాల పట్టిక ఖాయమైంది.

ఆ రాయితీ ఊరికే రాదు. సరుకు ఆ దేశంలోనే పుట్టి ఉండాలి. దారిలో మరో దేశంలో చేతులు మారి, కలిసిపోయి, రూపు మారి రాకూడదు. దీనికి రుజువుగా ఎగుమతి చేసే దేశం ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్ చూపాలి. చొక్కా అయితే దారం ఒక దేశానిది, గుడ్డ మరో దేశానిది, కుట్టు ఇంకో దేశానిది కావచ్చు కాబట్టి దాని పుట్టుక తేల్చడం కష్టం. బొగ్గు అట్లా కాదు. భూమిలోంచి తవ్వి తీసిన ఖనిజం తవ్విన దేశానిదే అని ఒప్పందాలన్నీ ఒప్పుకుంటాయి. కాగితం మీద ఇంత తేలికైన సరుకు ఇంకోటి లేదు.

ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచే అక్కడి బొగ్గు మీద ఉన్న 2.5 శాతం సుంకం సున్నా అయింది. కోకింగ్ కోల్ కోసం ఓడల మీద ఆధారపడిన విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి వాటికి ఇది నేరుగా తగిలే మాట. దక్షిణాఫ్రికా, అమెరికా, రష్యాల బొగ్గుకు అట్లాంటి ఒప్పందం లేదు. ఆ విధంగా ఒకే రేవులో పక్కపక్కన పోసిన రెండు కుప్పల్లో ఒకదానికి సుంకం ఉంటుంది, రెండోదానికి ఉండదు. తేడా చెప్పేది కాగితమే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా. ఢిల్లీలో మంత్రులు ఇచ్చిన రాయితీ రేవులో కస్టమ్స్ అప్రైజర్ బల్ల దగ్గర ఖరారు కావాలి. ఆయన చేతిలో ఉన్నవి రెండు: సరుకు ఎక్కడిదో చెప్పే కాగితం, సరుకు ఏమిటో చెప్పే పరీక్ష. మొదటి పెద్ద గొడవ రెండోదాని మీదే వచ్చింది.

5,833 దగ్గర కొట్లాట

2012-13 బడ్జెట్‌లో కేంద్రం కరెంటు కేంద్రాలకు ఊరటగా స్టీమ్ కోల్ మీద కస్టమ్స్ సుంకం పూర్తిగా తీసేసింది. దేశీయ ఎక్సైజుకు బదులుగా వసూలు చేసే సీవీడీని 1 శాతం చేసింది. బిట్యుమినస్ బొగ్గు మీద మాత్రం 5 శాతం సుంకం, 6 శాతం సీవీడీ ఉన్నాయి. పేర్లు వేరైనా రెండూ వెళ్ళేది బాయిలర్‌లోకే.

ఏది బిట్యుమినస్ అన్నదానికి కస్టమ్స్ టారిఫ్ 27వ అధ్యాయంలో ఒక గీత గీసి ఉంది. బొగ్గులో ఆవిరయ్యే పదార్థం 14 శాతం దాటాలి. కిలోకు 5,833 కిలోకేలరీలు, ఆపైన వేడి ఉండాలి. మొదటి అంకెను తేమా, బూడిదనిచ్చే ఖనిజమూ తీసేసిన లెక్కలో, రెండోదాన్ని తేమ ఉంచి ఆ ఖనిజాన్ని మాత్రం తీసేసిన లెక్కలో వేయాలి. ఓడతో వచ్చే పరీక్ష కాగితాల్లో సాధారణంగా ఉండేవి వేరే లెక్కలు: వచ్చిన స్థితిలో ఎంత, గాలికి ఆరాక ఎంత. ఒక లెక్కను మరోదానిలోకి మారిస్తే అంకె మారుతుంది. అంకె మారితే బొగ్గు పేరు మారుతుంది. పేరు మారితే పన్ను మారుతుంది.

దేశంలోని రేవుల్లో కస్టమ్స్ అధికారులు ఆ లెక్క వేసి, స్టీమ్ కోల్ పేరుతో వచ్చిన సరుకులో చాలా భాగం బిట్యుమినస్సే అన్నారు. వ్యాపారంలో బాయిలర్‌లో కాల్చేదంతా స్టీమ్ కోలేనని దిగుమతిదారులు వాదించారు. ఆసియాన్ ఒప్పందం చేతిలో ఉన్నవాళ్ళకూ తిప్పలు తప్పలేదు. ఎందుకంటే ఆ ఒప్పందం తగ్గించేది మూల కస్టమ్స్ సుంకాన్నే, సీవీడీని కాదు. 1 శాతమా 6 శాతమా అన్నది మిగిలే ఉంది. లెక్క కోసం టన్ను 5,000 రూపాయలు అనుకుందాం. 70 వేల టన్నుల ఓడ విలువ 35 కోట్లు. అందులో 5 శాతం తేడా అంటే కోటీ 75 లక్షలు. ఒక్క ఓడకు, ఒక్క పరీక్ష కాగితం మీద.

గుంటూరు కస్టమ్స్ కమిషనరేట్‌తో నడిచిన కేసులో బెంగళూరులోని కస్టమ్స్ అప్పీళ్ళ ట్రైబ్యునల్ 2014లో తీర్పు చెప్పింది. 14 శాతం, 5,833 గీతలు దాటిన బొగ్గు బిట్యుమినస్సేనని, స్టీమ్ కోల్ మినహాయింపు దానికి రాదని అంది. వ్యవహారం అక్కడ ఆగలేదు, అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. మరోవైపు కేంద్రమే దారి మార్చుకుంది. రెండు రకాలూ కరెంటు కేంద్రాల్లోనే కాలుతున్నాయి కాబట్టి పేరు మార్చి దించుకోవడం విపరీతమైందని ఆర్థిక మంత్రి చిదంబరం 2013 బడ్జెట్ ప్రసంగంలోనే ఒప్పుకున్నారు. రెండింటి మీదా 2 శాతం సుంకం, 2 శాతం సీవీడీ వేశారు. 2014 జులైలో కొత్త ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ దాన్ని 2.5, 2 శాతాలుగా మార్చారు. రెండు పేర్లకూ ఒకే పన్ను అయ్యాక కొత్త ఓడల మీద ఆ రకం తగాదాకు పని లేకుండా పోయింది. నిబంధన అవసరం లేని చోట గీత గీస్తే పరీక్ష దాని చుట్టూ ఎట్లా వంగుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఏడాది చాలు.

సున్నా సుంకం.. కొండెక్కిన ధర

రెండో గొడవ ఇంకా లోతైనది. 2016 మార్చి ఆఖరులో డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్ (డీఆర్‌ఐ) దేశంలోని కస్టమ్స్ కార్యాలయాలకు ఒక హెచ్చరిక పంపింది. ఇండోనేసియా బొగ్గును కొందరు దిగుమతిదారులు అసలు ధరకంటే బాగా ఎక్కువ చేసి చూపుతున్నారన్నది దాని సారం. బొగ్గు ఇండోనేసియా రేవు నుంచి నేరుగా మన రేవుకు వస్తుంది. బిల్లు మాత్రం సింగపూర్, దుబాయ్, హాంకాంగ్‌లలోని మధ్యవర్తి కంపెనీల మీదుగా పెరుగుతూ వస్తుంది. కొన్ని సందర్భాల్లో ఎగుమతి రేవులో ఇచ్చిన నాణ్యత కాగితం స్థానంలో వేరే కాగితం పెట్టారని కూడా డీఆర్‌ఐ ఆరోపించింది. నలభై దాకా కంపెనీలు విచారణలోకి వచ్చాయి. మొత్తం సుమారు 29 వేల కోట్ల రూపాయలని అప్పట్లో లెక్క చెప్పారు. కంపెనీలు ఆరోపణలను ఖండించాయి. విదేశాల నుంచి పత్రాలు తెప్పించుకోవచ్చా లేదా అన్నదాని మీదే కోర్టుల్లో ఏళ్ళు గడిచాయి.

మామూలుగా దిగుమతిదారు సరుకు ధర తగ్గించి చూపిస్తాడు, సుంకం తగ్గుతుందని. ఇక్కడ ధర పెంచి చూపించారన్న ఆరోపణ ఎందుకు వచ్చింది? జవాబు ఒప్పందంలోనే ఉంది. సుంకం సున్నా అయినప్పుడు ధర ఎంత పెంచి రాసినా సర్కారుకు అదనంగా కట్టాల్సింది దాదాపు ఉండదు. పెంచిన ధర కరెంటు తయారీ ఖర్చులో కలుస్తుంది. ఆ ఖర్చు కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) మీదికి, డిస్కం నుంచి ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అనే పేర్లతో ఇంటి బిల్లు మీదికి వస్తుంది. పెంచిన సొమ్ము దేశం బయట మిగిలిపోతుంది.

కస్టమ్స్ శాఖ పుట్టింది ఖజానాకు రావలసింది రాబట్టడానికి. ఖజానాకు నష్టం లేని చోట దాని చూపు సహజంగానే మందగిస్తుంది. సరుకు నాణ్యత తక్కువైతే నష్టపోయేది బిల్లు కట్టేవాడు. ఆయన రేవులో లేడు, ఆయన తరఫున శాంపిలు తీసుకునేవాడూ లేడు. సుంకంతో పాటు నిఘా కూడా పలచబడిందన్న ఈ సంగతిని ఒప్పందాలు రాసుకున్నప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2024 మేలో లండన్ పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ ఇదే కోవలో ఒక కథనం వేసింది. 2014లో ఇండోనేసియా నుంచి వచ్చిన 3,500 కిలోకేలరీల బొగ్గును అదానీ గ్రూపు తమిళనాడు విద్యుత్ సంస్థకు 6,000 కిలోకేలరీల బొగ్గుగా అమ్మిందని ఆ పత్రిక పత్రాలు చూపి ఆరోపించింది. దిగిన చోట, అప్పగించిన చోట పరీక్షలు జరిగాయంటూ అదానీ గ్రూపు ఆ ఆరోపణను తోసిపుచ్చింది. నిజానిజాలు తేల్చాల్సింది విచారణ సంస్థలు. ఆ రెండు అంకెల మధ్య దూరం ఏమిటో మాత్రం ఇక్కడి సీహెచ్‌పీలో పనిచేసే ఎవరైనా చెప్పగలరు: మొదటి రకం బొగ్గు 17 టన్నులు కాలిస్తే రెండో రకం 10 టన్నుల వేడి వస్తుంది.

కాగితం చాలదన్న 2020

2020 బడ్జెట్‌తో కస్టమ్స్ చట్టంలోకి 28డీఏ అనే కొత్త సెక్షన్ వచ్చింది. దాని కింద ఆ ఏడాది ఆగస్టు 21న ప్రకటించిన నిబంధనలు సెప్టెంబరు 21 నుంచి అమలయ్యాయి. వ్యాపారులు వాటిని కారోటార్ అంటారు. అప్పటిదాకా విదేశీ సర్టిఫికెట్ చూపితే దిగుమతిదారు పని అయిపోయేది. ఇప్పుడు ఆ సరుకు ఎక్కడ, ఎట్లా పుట్టిందో తనకు తెలుసని ఆయనే చూపాలి. ఆ వివరాలను ఐదేళ్ళు దాచాలి. అనుమానం వస్తే అధికారి ఎగుమతి చేసిన దేశాన్ని విచారించవచ్చు. జవాబు వచ్చేదాకా రాయితీని ఆపి, పూచీకత్తు మీద సరుకు వదలవచ్చు. 2024లో చట్టాన్ని మళ్ళీ సవరించి, పుట్టుకకు రుజువుగా సర్టిఫికెట్ ఒక్కటే కాకుండా ఒప్పందం ఒప్పుకున్న ఇతర రుజువులకూ చోటిచ్చారు.

ఆసియాన్ ఒప్పందాన్ని మొత్తంగా సమీక్షించాలని భారత్ చాలాకాలంగా అడుగుతోంది. 2023 ఆగస్టులో ఇరువైపులా దానికి ఒప్పుకుని, 2025లోగా ముగించాలని గడువు పెట్టుకున్నారు. గడువు దాటినా చర్చలు తెమలలేదు. దొడ్డిదారిన మూడో దేశపు సరుకు వస్తోందన్నది మన ఫిర్యాదు. తనిఖీ పేరుతో సరుకు ఆపేసి, ఇచ్చిన రాయితీని అడ్డదారిలో వెనక్కి తీసుకుంటారేమో అన్నది ఇట్లాంటి నిబంధనలు చూసినప్పుడు ఎగుమతి చేసేవాళ్ళకు కలిగే భయం. ఆ భయం ఉత్తది కాదని చెప్పే ఉదాహరణ చైనా రేవుల్లో ఉంది. అదీ బొగ్గు విషయంలోనే.

తనిఖీ అనే తాళం

చైనా, ఆస్ట్రేలియాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2015 డిసెంబరు 20న అమల్లోకి వచ్చింది. 2017కల్లా ఆస్ట్రేలియా థర్మల్ బొగ్గు మీద చైనా సుంకం సున్నా అయింది. 2019 ఫిబ్రవరిలో డాలియన్ రేవులో ఆస్ట్రేలియా బొగ్గు నిలిచిపోవడం మొదలైంది. నాణ్యత, పర్యావరణం చూసి కస్టమ్స్ తనిఖీ చేస్తోందని బీజింగ్ చెప్పింది. 2020లో రెండు దేశాల సంబంధాలు చెడ్డాక ఆ తనిఖీ అంతులేనిదైంది. నిషేధమని ఎవరూ కాగితం మీద రాయలేదు, ఒప్పందాన్ని ఎవరూ రద్దు చేయలేదు, సుంకమూ వేయలేదు. బొగ్గు మాత్రం దిగలేదు.

దాని బాధ పడ్డవాళ్ళలో మనవాళ్ళున్నారు. ఆస్ట్రేలియా బొగ్గుతో వెళ్ళిన జగ్ ఆనంద్ అనే ఓడ 2020 జూన్ నుంచి జింగ్‌టాంగ్ రేవు బయట లంగరు వేసి నిలబడింది. అందులో 23 మంది భారతీయ నావికులు. కావోఫెడియన్ దగ్గర ఆగిపోయిన అనస్తాసియా అనే మరో ఓడలో 16 మంది. దిగడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. జగ్ ఆనంద్ సిబ్బంది 2021 జనవరిలో జపాన్‌లోని చీబాకు చేరి అక్కడ మారగలిగారు. అనస్తాసియా వాళ్ళకు ఆ తర్వాత విముక్తి దొరికింది. చైనా రేవుల్లో పేరుకుపోయిన ఆ బొగ్గులో కొంత తర్వాత మన సిమెంటు, స్పాంజ్ ఐరన్ కంపెనీలే కొన్నాయి. 2023లో బీజింగ్ మెత్తబడ్డాక ఆస్ట్రేలియా బొగ్గు మళ్ళీ చైనాలో దిగింది. బొగ్గులో పాదరసమో ఫాస్ఫరసో తగ్గి కాదు, రాజకీయం మారి.

తనిఖీ లేకపోతే వినియోగదారు మునుగుతాడు. తనిఖీకి హద్దు లేకపోతే ఒప్పందానికి విలువ ఉండదు. ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. మన దేశం 2016లోనే దానికి ఆమోదం తెలిపింది. రేవులో మొదటి పరీక్ష దిగుమతిదారుకు వ్యతిరేకంగా వస్తే రెండో పరీక్షకు అవకాశం ఇవ్వవచ్చని అందులో ఒక మాట ఉంది. ఇవ్వవచ్చు అన్నారు గానీ ఇవ్వాలి అనలేదు. రామకృష్ణాపూర్ సైడింగులో తగాదా కోసం ముందే విడిగా దాచే శాంపిలుకు ఉన్నంత బలం ఆ మాటకు లేదు.

ఇక్కడి శాంపిలు.. ఇద్దరి కళ్ళు

సింగరేణి గ్రేడు కథ ఇక్కడే ముచ్చటించుకోవాలి. 2012 జనవరి 1 నుంచి దేశీయ బొగ్గును స్థూల కెలోరిఫిక్ విలువను బట్టి జీ-1 నుంచి జీ-17 దాకా విభజించారు. గ్రేడుకూ గ్రేడుకూ మధ్య 300 కిలోకేలరీలు. 4,010 వస్తే జీ-11. 3,990 వస్తే జీ-12. ఇరవై కిలోకేలరీల తేడాకే రేకు మొత్తం ధర మారుతుంది.

బొగ్గులో రాళ్ళొస్తున్నాయని, చెప్పిన గ్రేడు ప్లాంటుకు చేరడంలేదని కరెంటు తయారుచేసే జెన్‌కోలు, ఎన్టీపీసీ మొత్తుకోవడం పాత కథే. అది పూర్తిగా అబద్ధమని సింగరేణి కాలనీల్లోనూ ఎవరూ అనరు. ఓపెన్‌కాస్టుల్లో యంత్రాలతో తవ్వినప్పుడు మట్టీ బండా కలవడం కళ్ళముందు కనిపించేదే. ఆ గొడవ ముదిరాకే 2016 నుంచి మూడో పక్షం పరీక్ష వచ్చింది. ధన్‌బాద్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ సింఫర్‌కు ఆ పని అప్పగించారు. శాంపిలు తయారయ్యాక దాన్ని భాగాలు చేస్తారు. ఒకటి పరీక్షించే సంస్థది, ఒకటి అమ్మేవారిది, ఒకటి కొనేవారిది. ఇంకొకటి రెఫరీ శాంపిలు. ఎవరికి అనుమానం వచ్చినా దాన్ని వేరే ప్రయోగశాలకు పంపమని అడగవచ్చు. కోల్ ఇండియా గనుల ఫలితాలు జనమంతా చూసేలా 2018 ఏప్రిల్‌లో ఉత్తమ్ అనే యాప్ కూడా తెచ్చారు.

ఈ పద్ధతికి లోపాలున్నా, ఒక బలం ఉంది. గ్రేడు పెరిగితే సింగరేణికి లాభం, తగ్గితే జెన్‌కోకు లాభం. ఇద్దరి ప్రయోజనాలు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారు. దిగుమతి బొగ్గు దగ్గర ఆ ఎదురు తరచూ కనిపించదు. అమ్మే వ్యాపారికి ఎక్కువ ధర కావాలి. కొనే ప్లాంటుకు ఎంత ధరైనా చివరికి బిల్లులో కలుపుకునే వీలుంటే బేరం ఆడాల్సిన అవసరం తగ్గుతుంది. కస్టమ్స్‌కు రావలసిన సుంకం లేదు. ముగ్గురూ సంతకం పెట్టిన కాగితంలో తప్పు పట్టాలన్న ఆత్రం ముగ్గురిలో ఎవరికీ ఉండకపోవచ్చు.

పది శాతం కలపాలన్న ఏడాది

2022 వేసవిలో ఈ రెండు బొగ్గులూ ఎదురుపడ్డాయి. దేశంలో కరెంటు గిరాకీ పెరిగి నిల్వలు తగ్గడంతో, అవసరంలో 10 శాతం విదేశీ బొగ్గు కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ జెన్‌కోలకు చెప్పింది. జూన్ 15కల్లా కలపడం మొదలుపెట్టకపోతే 15 శాతం కలపాల్సి ఉంటుందని మే 18న హెచ్చరించింది. ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచ బొగ్గు ధరలు అప్పటికే ఆకాశంలో ఉన్నాయి. అంతకుముందు జనవరిలోనే ఇండోనేసియా తన కరెంటు కేంద్రాలకు బొగ్గు చాలడంలేదని ఎగుమతులు ఆపేసింది. సున్నా సుంకం ఒప్పందం ఉన్నంత మాత్రాన సరుకు వస్తుందన్న పూచీ లేదని అప్పుడు తేలింది.

పక్కనే సింగరేణి ఉండగా విదేశీ బొగ్గు ఎందుకు కొనాలని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ బాహాటంగా నిలదీశారు. ఆంధ్రప్రదేశ్ జెన్‌కో ఆ ఏడాది తొలినాళ్ళలో 5 లక్షల టన్నుల దిగుమతికి పిలిచిన టెండరును ధర మరీ ఎక్కువని రద్దు చేసుకుంది. ఆగస్టు 1న కేంద్రం వెనక్కి తగ్గి, కలపాలో వద్దో రాష్ట్రాలకే వదిలింది. 2023 జనవరిలో మళ్ళీ 6 శాతం అంది.

విదేశీ బొగ్గంతా చెడ్డదనీ సింగరేణి బొగ్గంతా బంగారమనీ అనుకుంటే లెక్క తప్పుతుంది. ఇండోనేసియా బొగ్గులో బూడిద చాలా తక్కువ, తేమ ఎక్కువ, నిల్వ ఉంచితే తనంత తానే అంటుకునే గుణమూ ఎక్కువే. మన బొగ్గులో బూడిద ఎక్కువ. మన బాయిలర్లు ఆ బూడిదకు తగ్గట్టు కట్టినవి కాబట్టి విదేశీ బొగ్గును కొద్ది పాళ్ళలోనే కలపగలవు. తీరంలో కట్టిన కొన్ని ప్లాంట్లకు ఓడ బొగ్గే దగ్గర. 2024-25లో దేశం 104 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వి కూడా 24 కోట్ల టన్నులకు పైగా దిగుమతి చేసుకుంది. ఉక్కుకు కావలసిన కోకింగ్ కోల్ మన నేలలో తగినంత దొరకదు. దిగుమతి ఆగేది కాదు. దాన్ని ఎట్లా తూచి, ఎట్లా కాల్చి చూసి కొంటున్నామన్నదే ప్రశ్న.

రామకృష్ణాపూర్‌కు ఈ ప్రశ్న దూరపుది కాదు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే పని ఓపెన్‌కాస్టులకూ కాంట్రాక్టులకూ మారింది. పొరుగున ఉన్న కల్యాణిఖని-6, శ్రావణపల్లి బ్లాకులను వేలానికి పెట్టినందుకు 2021 డిసెంబరులో కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. బొగ్గు ఎవరు తవ్వాలన్న పోరాటంలో ఈ బెల్టు ఆరితేరింది. తవ్విన బొగ్గునూ, తెచ్చిన బొగ్గునూ ఒకే కొలతతో కొలవాలన్న డిమాండు మాత్రం కార్మిక సంఘాల కరపత్రాల్లో పెద్దగా కనిపించదు.

ఏం అడగాలి?

అడగదగ్గవి మూడున్నాయి. మొదటిది, దిగుమతి బొగ్గుకూ రేవులో మూడో పక్షం శాంపిలు, తగాదా కోసం దాచిన రెఫరీ శాంపిలు ఉండాలి. ఎగుమతి రేవు కాగితం, దిగుమతి రేవు కాగితం, ప్లాంటు కాగితం మూడూ పక్కపక్కన పెట్టి చూసే వీలుండాలి. రెండోది, ఆసియాన్ ఒప్పంద సమీక్షలో పుట్టుక రుజువుతో పాటు ధరా నాణ్యతల వివరాలు ఇచ్చిపుచ్చుకునే షరతు చేరాలి. విదేశీ పత్రాల కోసం కోర్టుల చుట్టూ ఏళ్ళు తిరిగిన డీఆర్‌ఐ అనుభవమే దానికి కారణం చెబుతుంది. తనిఖీ ఎన్నాళ్ళలో ముగించాలో కూడా అక్కడే రాసుకోవాలి. లేకపోతే చైనా చేసిన పని రేపు మన మిర్చి మీదో రొయ్యల మీదో ఇంకెవరైనా చేస్తారు.

మూడోది ఢిల్లీలో జరగాల్సిన పని కాదు. కరెంటు ధర ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) బహిరంగ విచారణ జరుపుతుంది. అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, ఎదురుగా నిలబడి మాట్లాడే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది. జైపూర్‌లోని సింగరేణి థర్మల్ ప్లాంటు ధర కూడా అదే మండలి ముందుకు వస్తుంది. ఇంధన ఖర్చు పెరిగిందని డిస్కం చెప్పినప్పుడు ఏ గ్రేడు బొగ్గుకు ఎంత కట్టారు, ఆ గ్రేడు తేల్చిన పరీక్ష ఎవరిది, రెండో పరీక్ష జరిగిందా అని అడగడానికి వకీలు అక్కర్లేదు. గ్రేడంటే ఏమిటో, శాంపిలంటే ఏమిటో తెలిసినవాళ్ళు కావాలి. రాష్ట్రంలో ఆ చదువు పనిలోనే నేర్చినవాళ్ళు ఎక్కువమంది ఉన్నది సింగరేణి బెల్టులోనే. సీహెచ్‌పీలో, ల్యాబులో, సైడింగులో ఏళ్ళు గడిపి రిటైరైనవాళ్ళు ఆ విచారణకు వెళ్ళి ఈ మూడు ప్రశ్నలూ వేస్తే, సింగరేణి బొగ్గు మీదైనా ఓడ బొగ్గు మీదైనా డిస్కం లెక్క చూపి తీరాల్సి వస్తుంది.